వేగాస్ నుంచి కేన్యన్ల ట్రిప్: ఏడుగురం, నాలుగు రోజులు. ఏవి ఉంచాలి, ఏవి వదలాలి?

కాకినాడ_కాజా (డాలస్) | 2025 జులై 24

అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్‌లో ఒకే హాస్టల్‌లో ఉన్న ఏడుగురం పదకొండేళ్ల తర్వాత ఒక చోట కలుస్తున్నాం. ఇద్దరు న్యూజెర్సీ, ఒకడు సియాటెల్, ఒకడు టొరంటో, ముగ్గురం డాలస్. లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం, సెలవు) ముందు శుక్రవారం రాత్రి అందరం వేగాస్‌లో దిగుతాం. మంగళవారం రాత్రి మళ్లీ అక్కణ్ణుంచే ఫ్లయిట్లు. అంటే చేతిలో ఉన్నవి నాలుగు పగళ్లు. మినీవ్యాన్ బుక్ చేశాం.

ప్లాన్ ఇది: జయాన్, బ్రైస్, ఆర్చెస్, మాన్యుమెంట్ వ్యాలీ, యాంటిలోప్ కేన్యన్, హార్స్‌షూ బెండ్, గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు), తిరిగి వేగాస్.

మాలో ఒకడికి ఎత్తులంటే భయం, ఇద్దరు గుడ్డు కూడా ముట్టరు. డ్రైవింగ్ నలుగురికి వచ్చు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఈ ప్లాన్ చూసి ఉన్నదున్నట్టు చెప్పండి. హోటళ్లు ఇంకా బుక్ చేయలేదు.

---

సీమ_బాటసారి (ఫీనిక్స్) | జులై 24

కాజా గారూ, మీ లిస్టు మ్యాప్‌లో పెట్టి చూశాను. వేగాస్ నుంచి జయాన్ 160 మైళ్లు. అక్కణ్ణుంచి బ్రైస్ 85. బ్రైస్ నుంచి ఆర్చెస్ ఉన్న మోఆబ్ 270 దాకా. మోఆబ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీ 150, అక్కణ్ణుంచి యాంటిలోప్, హార్స్‌షూ బెండ్ ఉన్న పేజ్ ఊరు 125, పేజ్ నుంచి సౌత్ రిమ్ 135, తిరిగి వేగాస్ 280. అన్నీ కలిపితే 1200 మైళ్లు. ఎక్కడా ఆగకుండా తోలితేనే 21 గంటలు. ఏడుగురున్న బండి ఆగకుండా పోదు.

నేను 2016లో అచ్చం ఇలాంటి ప్లానే వేసుకున్నాను. ఆర్చెస్‌లో డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణం దాకా నడిచి రావడానికి 3 మైళ్లు. మాకు అంత టైము లేక కింద వ్యూ పాయింట్ దగ్గర నిలబడి, దూరంగా అగ్గిపెట్టెంత కనిపించిన తోరణాన్ని చూసి ఫొటో తీసుకుని బండెక్కాం. మాన్యుమెంట్ వ్యాలీకి చేరేసరికి చీకటి. నాతో వచ్చిన స్నేహితుల్లో ఇద్దరు తర్వాత ఇండియా వెళ్లిపోయారు. ఆ నాలుగు రోజుల్లో వాళ్లతో తీరిగ్గా కూర్చున్నది గ్యాస్ స్టేషన్ల దగ్గరే. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నా మాట వింటే మూడు చోట్లు పెట్టుకోండి: జయాన్, పేజ్, గ్రాండ్ కేన్యన్. అప్పుడు మొత్తం 690 మైళ్లు అవుతుంది. రోజుకి మూడు నాలుగు గంటల డ్రైవింగ్‌తో పోతుంది. ఆర్చెస్, కేన్యన్‌ల్యాండ్స్ పార్కులు రెండూ మోఆబ్ పక్కనే. వాటికి విడిగా మూడు రోజులు పెట్టుకుని ఇంకోసారి రండి.

---

గుంటూరు_ఘాటు (చికాగో) | జులై 24

నేను ఒప్పుకోను బాటసారి గారూ. ఇంకోసారి రండి అనడం తేలిక. టొరంటో నుంచి వచ్చే అబ్బాయికి మళ్లీ ఎప్పుడు కుదురుతుందో, ఇక్కడున్నవాళ్లలో ఎవరి వీసా పరిస్థితి వచ్చే ఏడాదికి ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? మా బ్యాచ్‌లో ఇద్దరు స్టాంపింగ్‌కి వెళ్లి తిరిగి రాలేకపోయారు. వాళ్లతో కలిసి చేసిన ఆఖరి ట్రిప్ ఇదే రూటులో, నాలుగు రోజుల్లో అయిదు పార్కులు. అన్నీ చూసేశామన్న తృప్తి నాకుంది.

అయినా ఈ దేశంలో ఆ వైపు రోడ్డే ఒక పార్కు. బ్రైస్ దాటాక యూటా 12 అనే రోడ్డు మీద ఒకచోట బండి కొండ వెన్ను మీద పోతుంది, రెండు పక్కలా లోయే. మాన్యుమెంట్ వ్యాలీకి ఉత్తరం నుంచి వస్తే 163 రోడ్డు మీద 13వ మైలు రాయి దగ్గర దారి తిన్నగా ఆ ఎర్ర కొండల్లోకి వెళ్లిపోతున్నట్టు కనిపిస్తుంది. అక్కడ మా బ్యాచ్ అంతా నోరు మూసుకుని కూర్చున్నాం, పాటలు కూడా ఆపేశాం. డ్రైవింగ్‌ని దండగ కింద లెక్కేయకండి.

---

ఓరుగల్లు_అమ్మాయి (సాల్ట్ లేక్ సిటీ) | జులై 25

ఇద్దరి మాటా నిజమే, కానీ లేబర్ డే అని మర్చిపోతున్నారు. ఆ మూడు రోజులు జయాన్‌లో పార్కింగ్ ఉదయం ఏడు, ఏడున్నరకే నిండిపోతుంది. లోయ లోపలికి సొంత బండ్లు వెళ్లనివ్వరు, షటిల్ ఎక్కాల్సిందే. షటిల్‌కి టికెట్ లేదు, క్యూ మాత్రం ఉంటుంది. స్ప్రింగ్‌డేల్ ఊళ్లో ఉంటే ఊరి షటిల్‌లో పార్కు గేటు దాకా వచ్చేయవచ్చు. రూము ఖరీదెక్కువ, కానీ టెన్షన్ తప్పుతుంది.

జయాన్‌లో ఏంజెల్స్ ల్యాండింగ్ అనే కొండ ఎక్కడం గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. గొలుసులు పట్టుకుని ఎక్కే భాగానికి 2022 ఏప్రిల్ నుంచి పర్మిట్ కావాలి, లాటరీలో ఇస్తారు. ముందు రోజు లాటరీ కూడా ఉంది. వచ్చినా సరే, భయం ఉన్న స్నేహితుణ్ణి దయచేసి బలవంతం చేయకండి. నేను నాలుగుసార్లు ఎక్కాను. గొలుసు మధ్యలో కాళ్లు వణికి ముందుకీ వెనక్కీ కదల్లేక ఏడ్చేస్తున్న మనిషిని రెండుసార్లు చూశాను. అక్కడ అరుగు కొన్నిచోట్ల మంచం వెడల్పు ఉంటుంది, అంతే. పైగా వచ్చేవాళ్లు, పోయేవాళ్లు అందరూ అదే గొలుసు పట్టుకోవాలి.

ఎక్కడం ఇష్టం లేనివాళ్లకి ద నారోస్ ఉంది. వర్జిన్ నదిలోనే నడక. రెండు వైపులా వెయ్యి అడుగుల గోడలు, కొన్నిచోట్ల నది వెడల్పు 20, 30 అడుగులే. నీటి ప్రవాహం సెకనుకి 150 ఘనపుటడుగులు దాటితే మూసేస్తారు. ఎండాకాలం చివర సాధారణంగా తక్కువే ఉంటుంది. కానీ జులై నుంచి సెప్టెంబరు మధ్య దాకా అక్కడ వానల కాలం. విజిటర్ సెంటర్‌లో ఆ రోజు ఫ్లాష్ ఫ్లడ్ (ఉన్నట్టుండి వచ్చే వరద) అంచనా రాసి పెడతారు. నాలుగు మెట్లు: వచ్చేలా లేదు, రావచ్చు, బహుశా వస్తుంది, వస్తుంది. మూడో మెట్టు ఉంటే నేనైతే నదిలో కాలు పెట్టను.

ఇంకొకటి. ఆ నదిలో విషపు నాచు ఉందని పార్కు హెచ్చరిస్తోంది. ఫిల్టర్ చేసినా తాగకూడదు, తల ముంచకూడదు.

---

కాకినాడ_కాజా | జులై 25

చాలా థాంక్స్ అండీ. ఒక సందేహం. ఫ్లాష్ ఫ్లడ్ అంటే మబ్బు పట్టగానే బయటకి వచ్చేస్తే సరిపోదా? మేం గోదావరి వాళ్లం. వరదంటే నీళ్లు రోజుల తరబడి మెల్లగా పెరగడమే చూశాం. మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక, అలా.

---

సీమ_బాటసారి | జులై 25

మీ సందేహం సరైనదే, చాలామంది ప్రాణాలు పోయింది సరిగ్గా అక్కడే. మాది అనంతపురం. గోదావరి వరదకీ మా వంక వరదకీ పోలిక లేదు. ఏడాదిలో పదకొండు నెలలు వంక ఎండిపోయి ఉంటుంది, పిల్లలు అందులో క్రికెట్ ఆడుకుంటారు. పైన ఎక్కడో కొండల్లో గంట వాన పడితే, మా ఊళ్లో చుక్క పడకపోయినా, వంక ఒక్కసారిగా బురద నీళ్లతో వచ్చేస్తుంది. అవతలి గట్టున కట్టేసిన ఎద్దుల్ని విప్పే టైము కూడా ఉండదు.

యూటా, అరిజోనాల్లో అదే, ఇంకా వందరెట్లు. నేలంతా రాయి, ఎండకి బిగుసుకుపోయిన మట్టి. పడిన నీళ్లు ఇంకవు. మైళ్ల మేర పడిన వానంతా జారి జారి చివరికి మనం నిలబడ్డ ఆ సన్నటి కేన్యన్ సందులోకే వస్తుంది. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్ కేన్యన్‌లో 11 మంది చనిపోయారు. వాన పడింది మైళ్ల అవతల, కేన్యన్ దగ్గర చెప్పుకోదగ్గ వానే లేదు. 2015 సెప్టెంబరులో జయాన్‌లోని కీహోల్ కేన్యన్‌లో ఏడుగురు పోయారు. ఏడుగురు, మీ బండిలో ఉన్నంతమంది.

మీ తల మీద ఉన్న ఆకాశాన్ని నమ్మకండి. పారే నీళ్లు ఉన్నట్టుండి మట్టి రంగుకి తిరిగినా, పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నా, పైనుంచి హోరు వినిపించినా బ్యాగు సంగతి మర్చిపోయి ఎత్తయిన చోటికి ఎక్కేయాలి.

---

గుంటూరు_ఘాటు | జులై 25

ఈ విషయంలో మాత్రం బాటసారి గారి మాటే నా మాట.

---

అమలాపురం_అక్క (డెన్వర్) | జులై 26

తమ్ముళ్లూ, తిండి, నీళ్ల సంగతి నేను చెప్తాను. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు బండిలో ఉండాలి. ఏడుగురికి ఏడు గ్యాలన్లు. వేగాస్‌లోనే కొనేసుకోండి.

నీళ్లొక్కటే చాలవు. 2019 జూన్‌లో మా మరిది సౌత్ రిమ్ నుంచి బ్రైట్ ఏంజెల్ దారిలో పొద్దున్న పదింటికి దిగడం మొదలుపెట్టాడు. దిగుతుంటే హాయిగానే ఉంటుంది, కష్టమంతా ఎక్కడంలో ఉంది. మామూలు కొండకి ముందు కష్టం తర్వాత సుఖం, ఇక్కడ తిరగేసి. దిగేకొద్దీ వేడి కూడా పెరుగుతుంది. మూడు మైళ్ల విశ్రాంతి గది దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. మనిషి నీళ్లు బాగానే తాగాడు, లీటర్లకి లీటర్లు. ఒక్క ఉప్పు పలుకు తినలేదు. చెమటలో ఉప్పంతా పోయి, తాగిన నీళ్లతో మిగిలిందీ పలచబడిపోయింది. తల తిరగడం, వాంతులు, మాటలు తడబడటం. దారిలో ఎదురైన రేంజరమ్మ చూసి నీడలో కూర్చోబెట్టి, నీళ్లు ఆపించి, ఉప్పు బిస్కెట్లు తినిపించి, పొద్దువాలాక నెమ్మదిగా పైకి తీసుకొచ్చింది. ఆవిడ రుణం మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు.

అందుకని జంతికలు, కారప్పూస, మిక్చర్ డబ్బాలు నింపి పట్టుకెళ్లండి. అవి అక్కడ చిరుతిండి కాదు, మందు. ఎలక్ట్రాల్ ప్యాకెట్లు మనిషికి రెండేసి. వేసవిలో పది నుంచి నాలుగు మధ్య కేన్యన్‌లోకి దిగొద్దని పార్కువాళ్లు చెప్పేది ఊరికే కాదు. మీకున్న టైములో అసలు దిగకండి, అంచు వెంట నడవండి.

శాకాహారం తమ్ముళ్ల కోసం చిన్న రైస్ కుక్కర్ ఒకటి. పేజ్ దాటితే రాత్రిళ్లు దొరికేది చిప్సే. అన్నం వండుకుని మాగాయ కలుపుకుంటే పొద్దున్నకి పులిహోరకి కూడా మిగుల్తుంది.

---

పాలమూరు_పిల్లగాడు (లాస్ ఏంజెలెస్) | జులై 27

ఫొటోల కోసం ఆ చుట్టుపక్కల ఆరేళ్లుగా తిరుగుతున్నాను. మూడు సంగతులు.

టైము. అరిజోనా గడియారం మార్చదు, యూటా మారుస్తుంది. ఎండాకాలంలో పేజ్‌లో ఆరయితే, పది మైళ్ల ఉత్తరాన యూటా గడప దాటగానే ఏడు. నవాహో అనే మూలవాసుల ప్రాంతం, నవాహో నేషన్, అరిజోనాలో ఉన్నా గడియారం మారుస్తుంది. కానీ యాంటిలోప్ వాళ్ల నేలలోనే ఉన్నా, అక్కడి టూర్లు మాత్రం పేజ్ టైము ప్రకారమే నడుపుతారు. ఫోను ఏ టవరు దొరికితే ఆ టైము చూపిస్తుంది. పేజ్‌లో దిగగానే ఆటోమేటిక్ టైము ఆపేసి చేత్తో పెట్టుకోండి.

రెండోది బండి. వ్యాన్ తీసుకునేటప్పుడు స్టెప్నీ ఉందో లేదో వెనక తలుపెత్తి చూడండి. మాకిచ్చిన దాంట్లో టైరు బదులు గాలి పంపు, జిగురు డబ్బా ఉన్నాయి. టైరు పక్క చీలితే ఆ జిగురు పనిచేయదు. కనాబ్ అనే ఊరికి ఇవతల సిగ్నల్ లేని చోట నాలుగు గంటలు కూర్చున్నాం. మ్యాపులు ఫోన్‌లోకి ముందే దించుకోండి.

మూడోది చెప్పాలంటే బాధగా ఉంది. రెండేళ్ల కిందట ఒక ఇసుకరాతి గోడ మీద తెలుగు అక్షరాలు చూశాను. అబ్బాయి పేరు, మధ్యలో గుండె బొమ్మ, అమ్మాయి పేరు, తాళం చెవితో గీకినట్టుంది. అమెరికాలో ఎడారి మధ్యలో తెలుగు అక్షరం కనిపిస్తే సంతోషించాల్సింది పోయి సిగ్గుతో తల దించుకున్నా. ఆ రాయి 18 కోట్ల ఏళ్ల కిందటి ఇసుక దిబ్బ. గీసిన గీత మన మనవలు వచ్చినా అలాగే ఉంటుంది. అలాగే దారి పక్కన మట్టి మీద నల్లగా, పొక్కులు పొక్కులుగా ఒక పెచ్చు కనిపిస్తుంది. అది మట్టి కాదు, ప్రాణమున్నది. నాచు, బూజు, సూక్ష్మజీవులు కలిసి ఇసుక ఎగిరిపోకుండా పట్టి ఉంచుతాయి. ఒక్క అడుగు పడితే మళ్లీ కట్టుకోడానికి దశాబ్దాలు పడుతుంది. ఫొటో కోసం దారి దిగకండి.

---

రాళ్ల_మాస్టారు (తిరుపతి) | జులై 28

నాయనా కాజా, నేను ముప్పై ఏళ్లు భూగర్భశాస్త్రం పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు సౌత్ రిమ్ చూశాను. మీరు ఏది వదిలినా గ్రాండ్ కేన్యన్ వదలవద్దు. ఎందుకో చెప్తాను.

అంచు మీద నీవు నిలబడే రాయి సున్నపురాయి, 27 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు. అక్కణ్ణుంచి కిందికి మైలు లోతున కొలరాడో నది పక్కన నల్లగా కనిపించే రాయి వయసు 170 కోట్ల ఏళ్లు. దాని పేరేమిటో తెలుసా? విష్ణు షిస్ట్ (షిస్ట్ అంటే పొరలు పొరలుగా ఉండే రాయి). 1880ల్లో క్లారెన్స్ డటన్ అనే భూగర్భశాస్త్రవేత్త అక్కడి శిఖరాలకు తూర్పు దేశాల దేవతల పేర్లు పెట్టాడు. విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అలా వచ్చినవే. బ్రహ్మ, రామ, కృష్ణ, బుద్ధుడు అందరూ ఉన్నారు మ్యాపులో. పేర్లు చూసి మురిసిపోవడంలో తప్పులేదు, కానీ ఆ లోయ హవసుపాయి, హోపీ, నవాహో మూలవాసులకు అంతకుముందు నుంచీ పవిత్రస్థలం అని కూడా గుర్తుంచుకోండి. బ్రైట్ ఏంజెల్ దారిలో ఇండియన్ గార్డెన్ అని పిలిచే చోటికి 2022లో హవసుపాయి గార్డెన్స్ అని పేరు మార్చారు. అక్కడ కాపురమున్న వాళ్లను పంపించివేసిన చరిత్ర దాని వెనక ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నల్లరాయి మీద నేరుగా కూర్చున్న గోధుమరంగు ఇసుకరాయి వయసు 50 కోట్ల చిల్లర. మధ్యలో 120 కోట్ల ఏళ్ల రాయి లేదు. ఏర్పడినదంతా కొట్టుకుపోయింది. తాళపత్ర గ్రంథంలో నడుమ ఆకులు పోయినట్టు. దాన్ని గ్రేట్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు, అసంగతి అని మా పుస్తకాల్లో ఉండేది. ఇది చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. మన తిరుమల ఘాట్ రోడ్డులో అలాంటిదే ఉంది. కింద పాత గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు (గట్టిపడిన ఇసుకరాయి), మధ్యలో 80 కోట్ల ఏళ్లు మాయం. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. రోజూ వేలమంది గోవింద నామం చెప్పుకుంటూ దాని పక్కనుంచే పోతారు. బస్సు కిటికీలోంచి తల తిప్పి చూసేవాళ్లు అరుదు.

ఆర్చెస్ పార్కు వదిలేస్తున్నందుకు దిగులుపడకు. అక్కడ 2000కు పైగా రాతి తోరణాలున్నాయి, పెద్దది 306 అడుగుల పొడుగు. కొండ మీద మన శిలాతోరణం 8 మీటర్లే. కానీ పని చేసింది అక్కడా ఇక్కడా ఒకటే, నీరూ గాలీ.

సౌత్ రిమ్‌లో ట్రెయిల్ ఆఫ్ టైమ్ అని అంచు వెంట చదునైన కాలిబాట ఉంది. ఒక్కో మీటరు పది లక్షల ఏళ్లు. దారి పక్కన ఏ పొర రాయి ఆ వయసు దగ్గర దిమ్మె మీద పెట్టారు, చేత్తో తాకవచ్చు. మోకాళ్ల నొప్పులతో నేనే నడిచాను. ఎత్తులంటే భయమున్న మీ స్నేహితుడికి కూడా ఇబ్బంది ఉండదు.

---

కాకినాడ_కాజా | జులై 28

మాస్టారూ, మీ పోస్టు మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా వాళ్లు ఒక గంట దాకా ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత సియాటెల్ వాడు "బ్రైస్ తీసేయ్, మాన్యుమెంట్ వ్యాలీ తీసేయ్" అన్నాడు. వాడే ఆ రెండూ పట్టుబట్టి పెట్టించింది.

ఫైనల్: శనివారం జయాన్. ఆదివారం పొద్దున్న జయాన్, సాయంత్రం హార్స్‌షూ బెండ్, రాత్రి పేజ్. సోమవారం యాంటిలోప్, అక్కణ్ణుంచి సౌత్ రిమ్. మంగళవారం సూర్యోదయం చూసి వేగాస్.

---

సీమ_బాటసారి | జులై 28

బాగుంది. నార్త్ రిమ్ వైపు ఆలోచన పెట్టుకోకండి. ఈ నెలలోనే కార్చిచ్చులో అక్కడి గ్రాండ్ కేన్యన్ లాడ్జ్ కాలిపోయింది. 1930ల నాటి కట్టడం. నేను రెండుసార్లు ఆ అరుగు మీద కూర్చుని టీ తాగాను. వార్త చూసి ఆ రోజు పని చేయలేకపోయాను.

---

కాకినాడ_కాజా | సెప్టెంబరు 6

క్షేమంగా వచ్చాం. అడిగినవాళ్లందరికీ జవాబు ఇక్కడే రాస్తున్నాను.

శనివారం జయాన్ చేరేసరికి పన్నెండు. నారోస్ కోసం బూట్లు, కర్రలు ఏడు సెట్లు ముందే అద్దెకి తీసుకున్నాం. విజిటర్ సెంటర్ బోర్డు మీద ఆ రోజు వరద అంచనా మూడో మెట్టు. బయటకొచ్చి చూస్తే ఆకాశం నీలంగా, ఒక్క మబ్బు తునక లేదు. డబ్బు కట్టేశాం కదా, ఒక అరగంట వెళ్లొద్దాం అని ఇద్దరన్నారు. గట్టిగానే మాటలు నడిచాయి. నేను ఈ థ్రెడ్ తీసి బాటసారి గారి పోస్టు చదివి వినిపించాను. "ఏడుగురు, మీ బండిలో ఉన్నంతమంది" దగ్గరికి వచ్చేసరికి ఇక ఎవరూ మాట్లాడలేదు.

నదిలో దిగకుండా రివర్‌సైడ్ వాక్ అని ఒడ్డు వెంట మైలు దూరం ఉన్న దారిలో నడిచి, నారోస్ మొదలయ్యే మెట్ల దగ్గర కూర్చున్నాం. కొంతమంది నదిలోకి వెళ్తూనే ఉన్నారు. మూడు దాటాక నీళ్ల రంగు మారింది. ముందు ఒడ్డున సన్నటి గోధుమ రంగు చార. రెండు నిమిషాలకి నది మొత్తం పాలు తక్కువైన టీ రంగు. పైన్ ఆకులు, వేలెడు పుల్లలు, తర్వాత చెయ్యంత కొమ్మ. మా ముందున్న ఒక రాయి గుండ్రంగా తేలి కనిపించేది, చూస్తుండగానే మునిగింది. పెద్ద వరదేమీ కాదు, లోపలున్నవాళ్లంతా గబగబా బయటపడ్డారు. కానీ ఆ రంగు మారడం నేను ఎప్పటికీ మర్చిపోను. వెళ్దామన్న ఇద్దరిలో ఒకడు ఆ రాత్రి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు, ఏమీ అనలేదు.

ఆదివారం తెల్లవారకముందే లేచి టన్నెల్ దాటి కేన్యన్ ఓవర్‌లుక్ ఎక్కాం. రానూ పోనూ మైలే. లోయలోకి ఎండ దిగడం అక్కడ కూర్చుని చూశాం. గోడ పైనుంచి కిందికి ముందు గులాబీ రంగు, తర్వాత ఇటుక రంగు, చివరికి అడుగున చెట్ల ఆకుపచ్చ.

హార్స్‌షూ బెండ్‌లో మా భయస్తుడు అంచుకి యాభై అడుగుల దూరంలో ఆగిపోయాడు. వెయ్యి అడుగుల లోతు, రెయిలింగ్ కొంత మేరకే ఉంది. ఓరుగల్లు అమ్మాయి గారి మాట గుర్తుపెట్టుకుని వాణ్ణెవరూ లాగలేదు. మేమే ఒక్కొక్కరం అంచు దాకా వెళ్లి చూసి, వచ్చి వాడి పక్కన కూర్చున్నాం. సూర్యాస్తమయం అక్కణ్ణుంచే చూశాం. హాస్టల్ టెర్రస్ మీద మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం. వాళ్ల నాన్న పోయిన ఏడాది పోయారని, ఎవరికీ చెప్పలేదని అప్పుడే చెప్పాడు.

---

కాకినాడ_కాజా | సెప్టెంబరు 6

మిగతాది.

పాలమూరు గారూ, మీరు చెప్పినా ఒకడు ఫోను టైము మార్చలేదు. వాడి అలారమే అందరినీ లేపింది. యాంటిలోప్ దగ్గరికి గంట ముందే చేరాం. మా గైడు నవాహో ఆవిడ, మా అమ్మ వయసుంటుంది. వాళ్ల భాషలో అప్పర్ యాంటిలోప్ పేరుకి 'రాళ్ల మధ్యనుంచి నీళ్లు పారే చోటు' అని అర్థమట. లోపలికి తీసుకెళ్లి అందరూ గోడల వైపు ఫోన్లు పెట్టుకుంటుంటే ఆవిడ మాత్రం పైకి చూడమంది. మా తలల మీద చాలా ఎత్తున రెండు గోడల మధ్య అడ్డంగా ఒక చెట్టు దుంగ ఇరుక్కుని ఉంది. ఎవరు పెట్టారని అడిగాం. "నీళ్లు" అంది. ఆ దుంగ కింద నుంచి నడుస్తున్నంతసేపూ నాకు మెడ మీద చల్లగా అనిపించింది.

అక్కా, మీ జంతికలు రెండు డబ్బాలూ సౌత్ రిమ్ చేరేసరికి అయిపోయాయి. టూసయాన్ హోటల్ గదిలో కుక్కర్ పెట్టి ఏడుగురం అన్నం, మాగాయ తిన్నాం. గుడ్డు ముట్టనివాళ్లే కాదు, అందరూ అదే.

మాస్టారూ, మీ దారి నడిచాం. యావపాయ్ దగ్గర మొదలుపెట్టాం, అక్కడ ఇవాళ్టి రోజు, వెనక్కి నడుస్తుంటే కాలం పెరుగుతుంది. టొరంటో వాడు అడుగులు లెక్కపెట్టాడు. మనిషి పుట్టుక మొదటి అడుగులోనే అయిపోయింది. విష్ణు షిస్ట్ దిమ్మె దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. రాయి నల్లగా, పక్కకి వంగి చూస్తే అభ్రకం తళుకులు. పగలంతా ఎండ తిన్నట్టుంది, సాయంత్రం చల్లబడ్డా రాయి వెచ్చగానే ఉంది. ఏడుగురం అరచేతులు దాని మీద పెట్టాం. మా నాన్న ఫోన్‌లో వీడియో కాల్‌లో ఉన్నారు. "నా పేరు చెప్పి నువ్వొకసారి ముట్టుకో" అన్నారు. ముట్టుకున్నాను.

---

గుంటూరు_ఘాటు | సెప్టెంబరు 6

చదివాను కాజా. నాలుగు రోజుల్లో అన్నీ చూసేయమన్నవాణ్ణి నేనే. నేను చూసిన అయిదు పార్కుల్లో ఒక్క రాయి మీద కూడా చెయ్యి పెట్టిన గుర్తు లేదు. మా పిల్లలతో వచ్చే ఏడాది ఒక్క జయాన్‌కే వెళ్తాం, మూడు రోజులు. బ్రైస్ మాత్రం మీరు ఎప్పటికైనా చూడాలి, ఆ మాట మీద నేను ఉన్నాను. ఏడాదిలో దాదాపు సగం రాత్రులు పగుళ్లలో నీళ్లు గడ్డకట్టి, పగలు కరిగి, ఆ రాతి స్తంభాలు చెక్కినట్టు తయారవుతాయి. పొద్దున్న ఎండలో లోపలినుంచి దీపం పెట్టినట్టు వెలుగుతాయి.

---

మోడరేటర్ | జనవరి 9

ఈ థ్రెడ్ చూసి ప్లాన్ చేసుకుంటున్నవాళ్లకు: 2026 జనవరి నుంచి పార్కుల వార్షిక పాస్ అమెరికా నివాసులకు 80 డాలర్లు, ఇతరులకు 250. పాస్ లేకుండా వచ్చే ఇతర దేశాలవారికి గ్రాండ్ కేన్యన్, జయాన్, బ్రైస్ సహా 11 పార్కుల్లో మామూలు టికెట్ కాక మనిషికి 100 డాలర్లు అదనం. ఇండియా నుంచి అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు, కెనడా నుంచి వచ్చే స్నేహితులు ముందే లెక్క చూసుకోండి. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. యాంటిలోప్, మాన్యుమెంట్ వ్యాలీ నవాహోలవి. అక్కడ ఈ పాస్ చెల్లదు, వాళ్ల టికెట్ వాళ్లకి కట్టాలి.

---

కాకినాడ_కాజా | జనవరి 11

మోడరేటర్ గారూ, థాంక్స్. మాస్టారూ, ఒక మాట. ఫిబ్రవరిలో ఇండియా వస్తున్నాను. నాన్నతో తిరుమల. మా ఏడుగురిలో ఇద్దరు కూడా అప్పుడు అక్కడే ఉంటారు. ఆ 80 కోట్ల ఏళ్లు మాయమైన చోటు నాన్నకి చూపించాలి. బస్సులో కాకుండా కారులో వస్తాం, ఎక్కడ ఆగవచ్చో చెప్తారా?

---

రాళ్ల_మాస్టారు | జనవరి 11

ఘాట్ రోడ్డు మీద ఎక్కడపడితే అక్కడ బండి ఆపనివ్వరు నాయనా. రాయి చూపించడానికి బండి ఆపనక్కర్లేని చోట్లు నాకు తెలుసు. తేదీ ఖాయమయ్యాక మెసేజ్ పెట్టు, నేనే మీ కారులో ఎక్కుతాను. మీ నాన్నగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టు.